అడగండి, చెబుతా: బాత్రూంలో గ్యాస్ గీజర్

ప్రశ్న: మా బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉంది. చలికాలం మొదలయ్యాక మా అమ్మాయి స్నానం చేసి వస్తే చాలు, తలనొప్పి, కళ్ళు తిరుగుతున్నాయి అంటోంది. నీరసమేమోనని డాక్టరుగారు ఐరన్ మాత్రలు రాశారు. గ్యాస్ వాసన అసలు రాదు. మావారు పల్స్ ఆక్సీమీటరు పెట్టి చూస్తే 98 చూపించింది. అయినా నాకు టెన్షన్‌గానే ఉంది. తప్పు గీజర్‌దేనా? - ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఈ పూటే ఆ గీజర్ ఆపేయండి. మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

వాసన రాకపోవడం, ఆ 98 అంకె... ఈ రెండింటినీ నమ్మకండి. వంటగ్యాసుకు సొంత వాసన దాదాపు ఉండదు. లీకైతే తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ అనే కంపు పదార్థాన్ని కలుపుతారు. గ్యాసు మండినప్పుడు అదీ మండిపోతుంది. మీ ఇంట్లో లీకు లేదనే నేనూ అనుకుంటున్నాను. నా అనుమానమంతా మంట మీదే.

సిలిండర్లో ఉండేది ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్. సరిపడా గాలి అందితే ఇవి కార్బన్ డయాక్సైడ్‌గా, నీటి ఆవిరిగా మారతాయి. సరిపడా అంటే ఎంతో ఇంటర్ పిల్లలచేత బోర్డు మీద లెక్క వేయించేవాణ్ణి. కిలో గ్యాసు పూర్తిగా మండటానికి సుమారు 13 ఘనమీటర్ల గాలి కావాలి. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తున్న బాత్రూంలో పట్టే గాలి ఐదున్నర ఘనమీటర్లు కూడా ఉండదు. చిన్న గీజరైనా పది నిమిషాల్లో నూరు గ్రాములు సులువుగా కాలుస్తుంది. తలుపు, వెంటిలేటరు మూసి ఉంటే గదిలోని ఆక్సిజన్‌లో దాదాపు నాలుగో వంతు దానికే పోతుంది. చలికాలంలో వెంటిలేటరుకు అట్టముక్క అడ్డం పెట్టే ఇళ్ళు నేను చాలా చూశాను, మీదీ అదే కథేమో చూడండి.

ఆక్సిజన్ తగ్గేకొద్దీ కార్బన్ సగమే మండి కార్బన్ మోనాక్సైడ్‌గా మిగులుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు, కంట్లో మంటా పుట్టదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మామూలు పల్స్ ఆక్సీమీటరుకు ఈ తేడా తెలియదు, మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌నూ ఆక్సిజన్ ఖాతాలోనే వేసుకుంటుంది. అందుకే స్పృహ తప్పబోతున్న మనిషికి కూడా 98 చూపించగలదు. రక్తంలో కార్బాక్సీహిమోగ్లోబిన్ (అంటే ఆ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్) పరీక్ష చేస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. అమ్మాయిని మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, గీజర్ సంగతి ముందే చెప్పండి. మంచి గాలిలో ఉంటే కొన్ని గంటల్లో ఇది రక్తంలోంచి తగ్గిపోతుంది కాబట్టి, ఆలస్యంగా చేసిన పరీక్షలో ఏమీ కనిపించకపోవచ్చు.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టిస్తే సరిపోతుందని షాపువాళ్ళు చెబుతారు. గాలి లోపలికి వచ్చే దారి లేకుండా ఫ్యాను ఒక్కటే ఏం చేస్తుంది? గీజర్‌ను బయట, గాలి ఆడే చోట పెట్టించి, వేడినీళ్ళు పైపులో లోపలికి తెచ్చుకోండి. మంట నీలంగానే ఉంది కదా అని ఊరుకోవద్దు. పసుపు మంట, మసి ఉంటే తేడా ఉన్నట్టే కానీ, అవి లేనంత మాత్రాన మోనాక్సైడ్ లేదనడానికి లేదు. స్నానానికి వెళ్ళినవాళ్ళు పిలిస్తే పలక్కపోతే తలుపు బద్దలు కొట్టయినా బయటి గాలిలోకి తెచ్చి, 108కి ఫోన్ చేయాలి.

లంబసింగి చలికి గదిలో బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు బిగించుకునే యాత్రికులకూ నేను చెప్పేది ఇదే.

ప్రశ్న: వంటింట్లో గ్యాస్ వాసన వస్తే వెంటనే ఫ్యాన్ వేస్తే పోతుంది కదా? - ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: వద్దు బాబూ! గాలిలో ఈ గ్యాసు సుమారు 2 నుంచి 9 శాతం దాకా ఉంటే చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. స్విచ్ వేసినా, ఆపినా లోపల రవ్వ పుడుతుంది. ఇది గాలికంటే బరువు కాబట్టి నేల మీద పరుచుకుని, గడప దాటి పక్క గదిలోని దీపం దాకా పాకగలదు. స్విచ్చులు ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపి, తలుపులన్నీ తెరిచి, అందరూ బయటికి వచ్చాక 1906కి ఫోన్ చేయండి. ఫోన్ కూడా బయటికొచ్చాకే.