ఆటిజం ఉందని ఫోనులో చెప్పాను, ఉద్యోగం ఇవ్వలేదు: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: నాకు ఆటిజం ఉంది. సైకియాట్రిస్టు ఇచ్చిన రిపోర్టు ఉంది కానీ వైకల్య ధ్రువపత్రం తీసుకోలేదు. ఒక ప్రైవేటు కంపెనీ రాతపరీక్షలో నెగ్గాక, హెచ్‌ఆర్ ఉద్యోగినికి ఫోనులో విషయం చెప్పి, ఇంటర్వ్యూ ప్రశ్నలు రాసి ఇవ్వమని అడిగాను. ఇవ్వలేదు. కళ్లలోకి చూసి మాట్లాడటం లేదని ఇంటర్వ్యూ గదిలో నవ్వారు. తర్వాత ‘మా బృందంలో ఇమడలేరు’ అని మెయిల్ పంపారు. ఈ అవమానం మరిచిపోలేకపోతున్నాను. ఇకమీదట ఫారంలో ‘వైకల్యం లేదు’ అనే రాద్దామనుకుంటున్నాను. కేసు వేయవచ్చా?

జవాబు: మీ కేసు ఆ గదిలో ఎవరు నవ్వారన్నదాని మీద నిలబడదు. మిమ్మల్ని తిరస్కరించే నాటికి మీకు ఆటిజం ఉన్న సంగతి, మీరు ఫలానా సదుపాయం కోరిన సంగతి ఆ కంపెనీకి తెలుసునని రుజువు చేయగలరా అన్నదొక్కటే ఇక్కడ తేలవలసిన అంశం. తెలియని వైకల్యం కారణంగా వివక్ష చూపామని ఎలా అంటారని వారి న్యాయవాది అడిగే మొదటి ప్రశ్నకు ఈరోజు మీ దగ్గర కాగితం లేదు. ఇంతటి విన్నపాన్ని ఫోనులో చెప్పి ఊరుకోవడం ముమ్మాటికీ అజాగ్రత్తే. ఇంటర్వ్యూకు పిలిచిన మెయిల్‌కు జవాబుగా రెండు వాక్యాలు రాసి ఉంటే ఈ చిక్కే ఉండేది కాదు.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. సహేతుకమైన సదుపాయాన్ని నిరాకరించడం కూడా వివక్షేనని ఆ చట్టంలోని నిర్వచనమే చెబుతోంది. 40 శాతం వైకల్యం ఉండాలన్న షరతు రిజర్వేషన్ వంటి ప్రయోజనాలకు వర్తిస్తుంది తప్ప సదుపాయం కోరే హక్కుకు కాదని సుప్రీంకోర్టు 2021లో వికాష్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. కాబట్టి ధ్రువపత్రం లేకపోవడం వల్ల మీ హక్కు పోలేదు, రుజువు చేసే భారం మాత్రం పెరిగింది. దివ్యాంగులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు అయిన యూడీఐడీకి వెంటనే దరఖాస్తు చేయండి. చాలామంది ఉద్యోగాల్లో వివక్ష కూడదనే 20వ సెక్షన్ చూపించి ప్రైవేటు కంపెనీలకు నోటీసులు పంపుతారు. అది ప్రభుత్వ సంస్థలకే వర్తిస్తుంది. మీ దారి వివక్షను నిషేధించే 3వ సెక్షన్, ఆ చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనల్లోని 3వ నిబంధన.

ముందుగా ఆ హెచ్‌ఆర్ ఉద్యోగినికి మెయిల్ రాయండి. ఏ తేదీన, ఏ సమయానికి మాట్లాడారో, ఏమి చెప్పి ఏమి అడిగారో నిందలు లేకుండా పేర్కొని, నిజం కాకపోతే తెలపమనండి. అప్పట్లోనే రాసిన మెయిల్‌కు ఉండే బలం దీనికి రాదు. అయినా ఆమె ఒప్పుకుంటే అది సాక్ష్యం, మౌనంగా ఉంటే అదీ కొంత ఉపయోగమే. ఫోనులోని కాల్ వివరాలను, తిరస్కరణ మెయిల్‌ను చెరపకండి, ఫోను మార్చకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి.

తర్వాత సంస్థ అధిపతికి రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపండి. కంపెనీలో ఇరవై మంది లేదా అంతకు మించి పనిచేస్తుంటే ఆయన చట్టప్రకారం చర్య తీసుకోవాలి, లేదా ఆ నిరాకరణ న్యాయమైన లక్ష్యానికి తగిన మార్గమెలా అయిందో రాతపూర్వకంగా తెలపాలి. ఆ జవాబుతోనో, జవాబు లేదన్న ఆధారంతోనో రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌ను ఆశ్రయించండి. నిబంధన ప్రకారం ఫిర్యాదును 60 రోజుల్లో పరిష్కరించాలి. పత్రాలు తెప్పించడంలో కమిషనర్‌కు సివిల్ కోర్టు అధికారాలున్నాయి కనుక, ఇంటర్వ్యూలో మార్కులు వేసిన కాగితాలను తెప్పించమని మొదటి అర్జీలోనే కోరండి. గడువు లెక్కలు వేసుకుంటూ కూర్చుంటే ఆ కాగితాలే మిగలవు. ఇదే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగమైతే, తుది ఉత్తర్వు వచ్చిన ఏడాదిలోపు కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్‌కు వెళ్లవలసి ఉండేది.

ఇక ఫారంలో ‘వైకల్యం లేదు’ అని రాయాలన్న ఆలోచనను ఈ క్షణమే మానుకోండి. అడగని విషయం చెప్పకపోవడం వేరు, అడిగినప్పుడు అబద్ధం రాసి సంతకం పెట్టడం వేరు. ఆటిజం సంగతి ముందే వెల్లడించాలని ఈ చట్టం మిమ్మల్ని నిర్బంధించదు. కానీ తప్పుడు ప్రకటన ఇస్తే, రేపు ఉద్యోగంలో చేరాక నిశ్శబ్దమైన చోటు కావాలని అడిగిన రోజున మీ సంతకాన్నే మీ ముందు పెట్టి, మోసం చేశారంటూ తొలగించే అవకాశాన్ని యజమానికి మీరే ఇచ్చినట్లవుతుంది. తదుపరి ఇంటర్వ్యూకు పిలుపు రాగానే డాక్టరు లేఖ జతచేసి, ఏ సదుపాయం కావాలో మెయిల్‌లో కోరండి. దానికయ్యే ఖర్చును మీపై వేయకూడదని అదే 3వ నిబంధన చెబుతోంది.

కమిషనర్ ఇచ్చేది సిఫారసు. దాన్ని కంపెనీ అంగీకరించకపోతే కారణాలను మూడు నెలల్లో తెలపాలి. కాబట్టి నేరుగా ఉద్యోగం ఇప్పించమని కాక, ప్రశ్నలు రాసి ఇచ్చి మళ్లీ ఇంటర్వ్యూ జరిపించమని అర్జీలో కోరండి.