మిషనే 'పాస్' అని ఎలా చెప్తుంది? ఆ లైన్లోకి వెళ్ళాలంటే ఏం చదవాలి?

గుంటూరు నుంచి ఒక నాన్నగారు అడిగారు: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్ అండి, విజయవాడ హాస్టల్లో ఉంటుంది. వాళ్ళ పిన్నికి బాబు పుడితే చెవుల టెస్ట్ చేశారు, మిషన్ దానంతటదే 'పాస్' అని చూపించిందట, అదెలా తెలిసిందని అప్పట్నుంచి ఒకటే గోల, ఆ లైన్లోనే చదువుతానంటోంది. ఈసీఈలో వేద్దామా, ఆడియాలజీనా?

నమస్తే అండి. ముందు పాప ప్రశ్నకి జవాబు చెప్తా, అందులోనే మీ దానికీ దొరుకుద్ది.

నిద్రపోతున్న బిడ్డకి తల మీద ఎలక్ట్రోడ్లు అంటించి చెవిలో టిక్ టిక్‌మని క్లిక్‌లు వినిపిస్తారు, చెవి పనిచేస్తే కొన్ని మిల్లీసెకన్లలోనే బ్రెయిన్‌స్టెమ్ (మెదడు అడుగు భాగం) నుంచి చిన్న కరెంటు సిగ్నల్ వస్తుంది, ఒక మైక్రోవోల్ట్ కూడా ఉండదు, దాని మీద మామూలు ఈఈజీ (మెదడులో ఎప్పుడూ ఉండే కరెంటు), కండరాల నాయిస్ ఎన్నో రెట్లు. పండగ ముందు విజయవాడ బీసెంట్ రోడ్డు రద్దీలో అవతల నుంచి ఎవరో పిలిచినట్టే. అందుకే వేల క్లిక్‌లు ఇచ్చి యావరేజ్ తీస్తారు, సిగ్నల్ అలాగే ఉంటుంది, నాయిస్ మాత్రం రూట్ ఎన్ (ఎన్ అంటే ఎన్నిసార్లు యావరేజ్ తీశామో) లెక్కన తగ్గుద్ది, 100 సార్లకి పదోవంతు.

ఇదే పరీక్షని వివరంగా చేసే బెరా టెస్ట్‌లో అయితే ఆడియాలజిస్ట్ (వినికిడి పరీక్షలు చేసేవారు) ఆ సిగ్నల్‌లోని ఐదో వేవ్ కంటితో చూసి చెప్తారు. స్క్రీనింగ్ మిషన్‌కి కన్ను లేదుగా, లెక్క కావాలి. 1984లో ఎల్బర్లింగ్, డాన్ అని ఇద్దరు ఎఫ్‌ఎస్‌పీ పద్ధతి చెప్పారు: యావరేజ్ వేవ్‌లో ఉన్న వేరియన్స్‌ని (ఎంత ఎగుడుదిగుడుగా ఉందో చెప్పే అంకె), మిగిలిన నాయిస్ వేరియన్స్‌తో భాగిస్తే వచ్చే ఎఫ్ రేషియో. అది కట్టాఫ్ దాటితే సిగ్నల్ ఉన్నట్టు, అంటే పాస్. నాయిస్‌ని ఒకే పాయింట్ దగ్గర స్వీప్ స్వీప్‌కి (అంటే ఒక్కో క్లిక్ రికార్డుకి) ఎంత మారుతోందో చూసి అంచనా వేస్తారు. ఇప్పుడు హోటెలింగ్ టీ స్క్వేర్, బూట్‌స్ట్రాప్ అనే వేరే స్టాటిస్టిక్స్ పద్ధతులు కూడా వాడుతున్నారు.

నాకు బాగా నచ్చే చిక్కు ఇంకోటుంది. ప్రతి 500 క్లిక్‌లకి ఒకసారి టెస్ట్ పెట్టి, 5 శాతం లెవెల్ (సిగ్నల్ లేకపోయినా పొరపాటున పాస్ అనే అవకాశం 5 శాతమే ఉండే కట్టాఫ్) దాటగానే పాస్ అని ఆపేశామనుకోండి, తప్పు 5 శాతం దగ్గర ఆగదు, చూసిన ప్రతిసారీ పెరుగుతూ పోతుంది. అంటే వినపడని బిడ్డని బాగానే ఉందని ఇంటికి పంపేయడం. ఎన్నిసార్లు చూస్తామో ముందే లెక్కేసి కట్టాఫ్ దానికి తగ్గట్టు పెంచాలి. ఇది డాక్టర్ పని కాదు, పక్కా స్టాటిస్టిక్స్.

అందుకే నా ఓటు ఈసీఈకి, కాకపోతే స్టాటిస్టిక్స్‌కి. ఈసీఈలో సిగ్నల్ ప్రాసెసింగ్ వస్తుంది కానీ స్టాట్స్ తక్కువ, అది పాప సొంతంగా చదువుకోవాలి. లెక్కల్లో దిట్ట అయితే కోల్‌కతా ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్)లో స్టాటిస్టిక్స్ డిగ్రీ బి.స్టాట్‌కి ఎంట్రన్స్ రాయించండి, తర్వాత బయోమెడికల్ వైపు ఎంటెక్‌కో పీహెచ్‌డీకో వెళ్ళొచ్చు. ఆడియాలజీ అంటే బీఏఎస్‌ఎల్‌పీ (వినికిడి, మాట సమస్యల డిగ్రీ), మైసూర్‌లోని ఆయిష్ సంస్థ దీనికి పేరున్న చోటు, ఎంపీసీ వాళ్ళకీ ఛాన్స్ ఉంటుంది, ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోండి. ఇక్కడ మనూళ్ళో ఉద్యోగం దొరికేది ఆ చదువుకే, కానీ అది పేషెంట్లతో పని, మిషన్ లోపలి లెక్క కాదు. ఈ లెక్క రాసే ఉద్యోగాలు గుంటూరు, విజయవాడల్లో వెతక్కండి, యూనివర్సిటీ ల్యాబుల్లోనో, డెన్మార్క్ లాంటి చోట్ల మిషన్లు తయారుచేసే కంపెనీల్లోనో ఉంటాయి, ఇంటికి దూరమే.

సెలవులకి వచ్చినప్పుడు ఎక్సెల్‌లో ఒక చిన్న వేవ్ వేసి, దానికి పది రెట్లు రాండమ్ నాయిస్ కలిపి, 100 వరసలు, తర్వాత 1000 వరసలు యావరేజ్ తీయమనండి. వేవ్ బయటపడ్డాక పక్కకి లేవకుండా ఇంకేదో మార్చి చూస్తుంటే ఆడియాలజీ మాట మర్చిపోవచ్చు. ఐఎస్ఐ అప్లికేషన్ మాత్రం ఇంటర్ పరీక్షల హడావుడిలో పడి వదిలేయకండి.