టెక్ సందేహాలు: ఏఐ రిపోర్టులో ఎరుపు కనిపిస్తే కంటి జబ్బు ఉన్నట్టేనా?

ప్రశ్న: అమ్మకు షుగర్ ఉంది. కంటి పరీక్ష చేయిస్తే రెటీనా ఫొటో మీద ఎరుపు, పసుపు, నీలం రంగులు పూసిన ఏఐ రిపోర్టు ఇచ్చారు. ఎర్రగా ఉన్న చోటల్లా కన్ను పాడైనట్టేనా? చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ ఎరుపు రక్తం కాదండీ, కంట్లో ఉన్న రంగూ కాదు. ఒక నిర్ణయానికి రావడానికి ఏఐ ఫొటోలో ఏ భాగం మీద ఎక్కువగా ఆధారపడిందో చూపించే పూత అది. దాన్ని హీట్‌మ్యాప్ అంటారు. చాలా పద్ధతుల్లో రంగుల కొలతను ఏ ఫొటోకు ఆ ఫొటోకే విడిగా వేస్తారు. కాబట్టి ఎరుపు ముదురుగా ఉందంటే జబ్బు ముదిరిందని కాదు. జబ్బు లేదని తేల్చిన ఫొటోలో కూడా ఎక్కడో ఒకచోట ఎరుపు పడుతుంది.

షుగర్ వల్ల రెటీనాకు వచ్చే జబ్బును కంటి డాక్టర్లకు దీటుగా పట్టే ఏఐని గూగుల్ పరిశోధకులు 2016లోనే చూపించారు. దాదాపు 1,28,000 ఫొటోలతో దానికి శిక్షణ ఇచ్చారు. అయితే ఇలాంటి ఏఐ 'జబ్బు ఉంది' అంటుందే గానీ ఎందుకో చెప్పదు. ఆ లోటు తీర్చడానికే హీట్‌మ్యాప్‌లు వచ్చాయి. అవి 'ఎక్కడ' అన్నది చెబుతాయి, 'ఏమిటి' అన్నది చెప్పవు. పైగా గ్రాడ్‌క్యామ్ అనే హీట్‌మ్యాప్ పద్ధతి లాంటి వాటిలో పూత మసకగా, వెడల్పుగా పడుతుంది. సూదిమొనంత రక్తనాళపు బుడిపె ఉన్నా చుట్టుపక్కలంతా ఎర్రబడుతుంది. ఏఐ నేర్చుకున్నదంతా చెరిపేసినా కొన్ని హీట్‌మ్యాప్ పద్ధతులు ఇంచుమించు అదే బొమ్మ గీశాయని 2018లో ఒక పరిశోధన బయటపెట్టింది. అందుకే రంగుల బొమ్మను నేను రుజువుగా తీసుకోను.

నాకు నమ్మకం కలిగించిన దారి వేరే ఉంది. 2018లోనే గూగుల్‌కు చెందిన ఏఐ సంస్థ డీప్‌మైండ్, లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి కలిసి ఓసీటీ స్కాన్‌లకు (కాంతితో రెటీనా పొరలను అడ్డంగా కోసినట్టు చూపించే స్కాన్) రెండు దశల ఏఐని తయారుచేశాయి. మొదటి దశ రెటీనా పొరలు ఎక్కడున్నాయి, నీరు ఎక్కడ చేరింది అని గుర్తించి గీస్తుంది. ఆ గీతను చూసి రెండో దశ ఎంత త్వరగా చికిత్స కావాలో చెబుతుంది. నీరు అని గీసిన చోట నిజంగా నీరే ఉందా అని డాక్టర్ తన కళ్లతో సరిచూసుకోవచ్చు.

మీరు రిపోర్టు పట్టుకెళ్లి, 'ఈ ఎర్రటి చోట మీకేం కనిపిస్తోంది?' అని కంటి డాక్టర్‌నే అడగండి. చిన్న రక్తస్రావం, కొవ్వు మరక, వాపు... ఏదైనా ఆయన పేరు పెట్టి చెప్పగలగాలి. ఎరుపు ఫొటో అంచున గానీ, వెలుతురు మెరుపు మీద గానీ పడి ఉంటే మళ్లీ ఫొటో తీయమనండి. ఆ ఏఐ ఏయే జబ్బులు చూస్తుందో కూడా కనుక్కోండి. షుగర్ వల్ల వచ్చే కంటి జబ్బు కోసమే తయారైనదైతే గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) సంగతి దానికి తెలియదు. చూపు హఠాత్తుగా మసకబారినా, కళ్ల ముందు నల్లచుక్కలు ఎక్కువైనా, రిపోర్టులో ఏమున్నా సరే అదే రోజు అమ్మను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.