చందా నియమాల సంగతి పూర్ణా మార్కెట్‌లో చూశాను

టీవీలో ఎన్నికల ప్రకటనలకీ, పార్టీల విరాళాలకీ గట్టి నియమాలు ఉన్నాయా అని అడిగారు. టీవీ వరకు ఉన్నాయి. 2004లో జెమినీ టీవీ కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చినప్పటి నుంచి, ప్రకటన ముందే ఎన్నికల సంఘం పెట్టిన కమిటీకి చూపించి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు ప్రచారం బంద్. మా లోకల్ కేబుల్ వాళ్లు కూడా 2024 మే 11 సాయంత్రానికి ఆపేశారు.

డబ్బు దగ్గరే వస్తుంది చిక్కంతా. నాకు విశాఖ పూర్ణా మార్కెట్‌లో కిరాణా హోల్‌సేల్ కొట్టు ఉంది. ఆ 2024 ఎన్నికల ముందు ఒక పార్టీ వాళ్లు చందా పుస్తకం పట్టుకుని వచ్చారు. ముప్పై వేలు కావాలి, అదీ క్యాష్. బజార్లో కొట్టు పెట్టుకుని కాదనగలమా? "ఒక పేరు మీద 2,000 మించి క్యాష్ రాయకూడదండీ, పదిహేను పేర్లు చెప్పండి" అన్నారు. నేను, నా భార్య, మా అత్తగారు, గుమాస్తా, కళాసీలు... పన్నెండు దగ్గర ఆగిపోయాను. మిగతా మూడూ వాళ్లే రాసుకున్నారు. తన పేరు వినపడగానే ఒక కళాసీ బస్తా దించేసి, "బాబూ, ఆ రెండు వేలూ నా కూలిలో కోసేస్తారేటి?" అన్నాడు. కాదని ఎంత చెప్పినా సాయంత్రం దాకా అడుగుతూనే ఉన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

20,000 దాటిన విరాళాల వివరాలే పార్టీలు ఎన్నికల సంఘానికి ఇవ్వాలి. ఇక ఆ పదిహేను పేర్లు ఎవరు చూస్తారు? విశాఖలో ప్రతి బజార్లోనూ ఇదే తంతు అని నా గట్టి నమ్మకం.

అదే నెలలో కొట్టు కలెక్షన్ ఇంటికి తీసుకెళ్తుంటే జగదాంబ సెంటర్ దగ్గర ఎన్నికల తనిఖీ వాళ్లు ఆపారు. క్యాష్ 50,000 దాటితే ఆధారాలు చూపించాలట. బిల్లులు తెప్పించేసరికి రెండు గంటలు, పైగా ఒకటే టెన్షన్. నా సొమ్ముకి నేను లెక్క చెప్పాలి, బాగానే ఉంది. మరి బ్యాంకులో కొని పార్టీకి విరాళంగా ఇచ్చే ఎలక్టోరల్ బాండు, అదీ కోటి రూపాయలది, కొన్నవాళ్ల పేర్లు 2018 నుంచి ఆరేళ్లు జనానికి ఎందుకు చెప్పలేదు? 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేశాకే బయటపడ్డాయి.

పార్టీలు క్యాష్ ముట్టుకోకూడదు, అంతే. మా కొట్టు ఎదురు టీ బండి దగ్గర పది రూపాయలకే స్కాన్ చేస్తున్నారు.

ఆ రోజు తన పేరు మీద రాసిన రెండు వేల చందా రశీదు మా కళాసీ దగ్గరే ఉంది. వారం వారం కూలి లెక్క చూసేటప్పుడు జేబులోంచి తీసి నా ముందు పెడతాడు.