తెరచాప పడవలో క్రిస్మస్

ప్రశ్న: మా చిన్నబ్బాయి హైదరాబాదులో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, కరీబియన్ సముద్రంలో యాత్రికులను తిప్పే ఒక తెరచాప పడవలో వంటవాడిగా చేరాడు. ఈసారి క్రిస్మస్ సెయింట్ లూసియా దీవి దగ్గర, పడవలోనే అంటున్నాడు. సాగర్‌లో లాంచీ ఎక్కితేనే నాకు కళ్లు తిరుగుతాయి. ఆ ఊగే పడవలో కేకు ఎట్లా చేస్తారు? నక్షత్రం కట్టుకోనిస్తారా? డిసెంబరులో అక్కడ తుఫానులు రావా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: అమ్మా, మీరు చివర అడిగినదే మీ అసలు భయం కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను. అట్లాంటిక్‌లో తుఫానుల కాలంగా లెక్కించేది జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. అది ముగిసే వేళకే యూరప్ పడవలు ఆ దీవుల దారి పడతాయి. ఆఫ్రికా తీరం దగ్గరి కానరీ దీవులలోని లాస్ పాల్మాస్ నుంచి పడవలు గుంపుగా అట్లాంటిక్ దాటే ఆనవాయితీ 1986లో మొదలైంది; అప్పట్లో గమ్యం బార్బడోస్, 1990 నుంచి సెయింట్ లూసియా. అక్కడికి దాదాపు 2,700 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 5,000 కిలోమీటర్ల దూరం; ఆ పడవల్లో చాలావరకు క్రిస్మస్‌కు ముందే తీరం చేరతాయి. తుఫాను బెడద దాదాపు లేకపోయినా గాలి మాత్రం గట్టిగానే వీస్తుంది. ఉత్తర అట్లాంటిక్ మీద అధిక పీడనం బలపడడం వల్ల డిసెంబరు, జనవరి నెలలలో వ్యాపార పవనాలు ఒక్కొక్కసారి రోజుల తరబడి గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంతో వీస్తాయి. అక్కడి నావికులు వాటిని క్రిస్మస్ గాలులనే పిలుస్తారు. గాలి తూర్పు నుంచి వస్తుంది కనుక దీవికి పడమటి వైపు చాటున లంగరు వేసుకుంటే పండుగ నిశ్చింతగా గడుస్తుంది.

లాంచీతో పోల్చుకుని బెంగపడకండి. తెరచాప పడవ గాలికి ఒక పక్కకు ఒరిగి, ఆ వాలులోనే సాగుతుంది. అడుగున ఉండే సీసపు లేదా ఇనుప బరువు దానిని బోల్తా పడకుండా నిలుపుతుంది. ఆ వాలులోనూ వంట ఆగదు. పొయ్యిని రెండు పక్కలా ఇరుసుల మీద వేలాడదీస్తారు కాబట్టి పడవ ఎటు ఒరిగినా పొయ్యి మట్టంగానే ఉంటుంది, గిన్నె జారకుండా చుట్టూ కడ్డీలు, బిగింపులు ఉంటాయి. మన ప్రెషర్ కుక్కరుకు పడవలో ఎంతో గౌరవం: మూత బిగుసుకుని ఉండడం వల్ల పులుసు ఒలకదు, గ్యాసూ మంచినీళ్లూ ఆదా అవుతాయి. వంటగ్యాసు గాలికన్నా బరువైనది, లీకైతే పడవ అడుగున చేరి నిలిచిపోతుంది. అందుకే సిలిండరును విడిగా, కింది రంధ్రం బయటికి తెరుచుకునే పెట్టెలో ఉంచి, వంట కాగానే వాల్వు కట్టేస్తారు. ఇక కేకు విషయానికి వస్తే, ఓవెన్ వెలిగిస్తే ఆ చిన్న గది కొలిమి అవుతుంది కాబట్టి తెల్లవారుజామునే కాల్చుకోవడం మేలు. వెన్న క్రీము ఆ వేడికి నిలవదు. దీవుల వాళ్లు ఎండు పండ్లను రమ్ములో నానబెట్టి చేసే నల్లని కేకే అక్కడికి తగినది.

మీకు నచ్చే సంగతి ఒకటి ఉంది. ఆ దీవులలో క్రిస్మస్‌కు తప్పనిసరిగా తాగే సోరెల్ అనే పానీయం మన ఎర్ర పుంటికూర జాతి మొక్క నుంచే వస్తుంది. వాళ్లకు కావలసింది ఆకు కాదు. పువ్వు వాడిన తరువాత కాయ చుట్టూ కండపట్టే ఎర్రని తొడుగులు. వాటిని అల్లం, లవంగాలు, దాల్చినచెక్కతో మరిగించి, రాత్రంతా నాననిచ్చి, వడకట్టి, చక్కెర కలిపి చల్లగా తాగుతారు. పగటి పొద్దు తగ్గినప్పుడు పూసే మొక్క కావడంతో పంట పండుగ వేళకు చేతికొస్తుంది. మీ అబ్బాయి ఆ తొడుగులతోనే పచ్చిమిర్చి వేసి పచ్చడి నూరి వడ్డిస్తే యాత్రికులు ఏమంటారో తెలుసుకోవాలని నాకూ ఉంది.

నక్షత్రం కట్టుకోవచ్చు, కానీ మన వాకిళ్లలో వేలాడదీసే కాగితపు నక్షత్రం ఆ గాలికి నిలవదు. తెరచాప కట్టే కొయ్య స్తంభం మీదికి చిన్న ఎల్‌ఈడీ దీపాల తీగ లాగుతారు, కొవ్వొత్తులు ముట్టించరు. లంగరు మీద ఉన్నప్పుడు, చుట్టూ కనిపించే తెల్లని లంగరు దీపానికి అడ్డు రానంతవరకు ఈ అలంకారానికి ఇబ్బంది లేదు. రాత్రి ప్రయాణంలో మాత్రం ఆర్పేయాలి. పడవకు ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ, వెనక తెలుపు దీపాలను చూసే ఎదుటి ఓడ దాని దిశను గుర్తుపడుతుంది. క్రిస్మస్ రంగులు కూడా సరిగ్గా ఎరుపూ ఆకుపచ్చే కావడం చిక్కు తెచ్చింది! పడవ దిశను తెలిపే ఆ దీపాలతో పొరబడేలా వేరే దీపాలు వెలిగించకూడదని 1972 నాటి అంతర్జాతీయ నిబంధనలు చెబుతున్నాయి.

ఆరాధనకూ లోటుండదు. సెయింట్ లూసియాలో కేథలిక్కులే ఎక్కువ. పడవల వాళ్లు చిన్న రబ్బరు పడవలో, బూట్లు చేత పట్టుకుని ఒడ్డుకు దిగి చర్చికి వెళ్లవచ్చు. కాలం మనకన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక. 24 రాత్రి పన్నెండింటికి మీరు ఫోన్ చేస్తే అక్కడ అదే రోజు మధ్యాహ్నం రెండున్నర, అతడు భోజనాల గిన్నెలు కడుగుతూ ఉంటాడు. 25 ఉదయం తొమ్మిదిన్నరకు చేయండి, అక్కడ అప్పుడే పండుగ మొదలవుతుంది.

ప్రశ్న: మన తెలుగువాళ్లు ఎవరైనా క్రిస్మస్‌ను తెరచాప పడవలో గడిపారా?
– ఒక విద్యార్థి, కొల్లాపూర్

జవాబు: గడిపారు, కాకపోతే ఉష్ణమండలంలో కాదు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి భారత నౌకాదళపు తెరచాప పడవ ఐఎన్‌ఎస్‌వీ తారిణిలో భూప్రదక్షిణకు బయలుదేరిన ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులలో హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖపట్నానికి చెందిన స్వాతి ఉన్నారు. ఆ ఏడాది క్రిస్మస్ నాటికి వాళ్లు న్యూజిలాండ్ దాటి, చలిగాలుల దక్షిణ పసిఫిక్‌లో, దక్షిణ అమెరికా దక్షిణపు కొస అయిన కేప్ హార్న్ వైపు సాగుతున్నారు. 2018 మే 21న గోవా తిరిగి చేరారు.