జర్మనీకి చదువుకి పోయే పిల్లోడికి తిరుపతి నుంచి ఏం కట్టియ్యాలి?

అక్కా, మీవాడు అక్టోబర్ సెమిస్టర్‌కి జర్మనీ పోతా ఉండాడు, ఇంటి తిండి లేక దిగులు పడతాడేమో, ఏం కట్టియ్యాలి అని అడిగినారు కదా. నేనూ తిరుపతి నుంచి పోయి అక్కడే మాస్టర్స్ చేసినా, అందుకే చెప్తా ఉండా.

పెట్టెనిండా మురుకులు, నిప్పట్లు కుక్కొద్దండి. రూమ్‌లో పిల్లలంతా కలిసి తినేస్తారు, చలికాలం రాకముందే డబ్బాలు ఖాళీ. అసలు బెంగ మొదలయ్యేది నవంబర్‌లో, సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకిపోయేటప్పుడు. ఆ టైంకి వాడే సంగటి గెలుక్కుని, చెనిక్కాయల ఊరిబిండి నూరుకుని తినగలగాలి, అది వాడు పోయేలోపల మీరు పక్కన నిలబడి నేర్పించండి, నన్ను నిలబెట్టింది అదే.

రాగిపిండి మోసుకుపోవాల్సిన పని లేదు, శ్రీలంక తమిళుల షాపుల్లో దొరుకుతుంది, ప్యాకెట్ మీద కురక్కన్ అని ఉంటుంది. చెనిక్కాయ గింజలు, చింతపండు ఆసియా షాపుల్లో ఉంటాయి, కాకపోతే ఆదివారం షాపులు మూసేస్తారు కాబట్టి శనివారమే తెచ్చిపెట్టుకోవాల. దొరకనిది మన ఇంట్లో కొట్టిన కారం, చారుపొడి, కరివేపాకు పొడి, ఇవి దండిగా పెట్టండి. చిన్న మిక్సీ కూడా పెట్టండి, అక్కడా మనలాగే 230 వోల్టులు, ప్లగ్గుకి అడాప్టర్ ఉంటే చాలు (అమెరికా పోయే పిల్లలకి ఇది కుదరదు, అక్కడ 120 వోల్టులే).

నెయ్యి మాత్రం వద్దు. బయటి దేశాల నుంచి నెయ్యి, పాలు, మాంసం లగేజీలో తేకూడదని యూరోపియన్ యూనియన్ రూల్, అక్కడే వెన్న కొని కాచుకుంటే కమ్మటి నెయ్యి అవుతుంది. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లు కూడా సర్టిఫికెట్ లేకుండా తీసుకుపోకూడదు. మామిడి కావాలంటే గుజ్జు డబ్బాలు ఉంటాయి, మన చిత్తూరు ఫ్యాక్టరీల తోతాపురి గుజ్జు యూరప్‌కి పోతుంది కదా, డబ్బా వెనక చిత్తూరు అని కనపడితే నాకు ఆ రోజంతా సంతోషంగా ఉండేది.

తిండి ఒకటే కాదక్కా, బ్రహ్మోత్సవాలప్పుడు తిరుపతి పిల్లలకి అక్కడ మనసు నిలవదు. ఎస్వీబీసీలో లైవ్ వస్తుంది, రాత్రి 7 గంటల వాహన సేవ వాడికి మధ్యాహ్నం మూడున్నరకి, కాల్ పెట్టుకుని ఇద్దరూ కలిసి చూడండి. అక్టోబర్ చివరి ఆదివారం అక్కడ గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు, అప్పటి నుంచి తేడా నాలుగున్నర గంటలు, మార్చి చివరి దాకా రోజూ ఫోన్ చేసే టైం దాన్ని బట్టి పెట్టుకోండి.