ఫారం 16లో రూ.84,000.. 26ఏఎస్‌లో రూ.63,000: ఏది నమ్మాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. 2025-26లో నెలకు రూ.7,000 చొప్పున మొత్తం రూ.84,000 టీడీఎస్ (డబ్బు చెల్లించేటప్పుడే ముందుగా కోసే పన్ను) కోత పెట్టినట్లు కంపెనీ ఇచ్చిన టీడీఎస్ సర్టిఫికెట్ ఫారం 16లో ఉంది. నా పాన్ మీద జమ అయిన పన్నులు చూపే ఆదాయపు పన్ను శాఖ పట్టిక 26ఏఎస్‌లో మాత్రం రూ.63,000 కనిపిస్తోంది. క్యుములేటివ్ ఎఫ్‌డీ (గడువు తీరాకే వడ్డీ చేతికిచ్చే ఫిక్స్‌డ్ డిపాజిట్)పై బ్యాంకు మరో రూ.6,200 కోసింది. ఆ వడ్డీ ఇంకా నా చేతికి రాలేదు. ఫారం 16 చూసి రిటర్ను వేసేయొచ్చా?

జవాబు: ఇప్పుడే వేయకండి. తేడా రూ.21,000 అంటే సరిగ్గా మూడు నెలల కోత. ముందుగా ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఈ-ఫైల్ మెనూ నుంచి 26ఏఎస్ తెరవండి. అక్కడి నుంచి టీడీఎస్ లెక్కలుండే ట్రేసెస్ సైటులోకి వెళ్తుంది. మదింపు సంవత్సరం (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది) 2026-27 ఎంచుకోండి. చాలామంది ఇక్కడే 2025-26 నొక్కి, పాత ఏడాది లెక్కలు చూసి కంగారు పడతారు. కంపెనీ పేరు కింద ఒక్కో ఎంట్రీకి తేదీ, జమ అయిన పన్ను, బుకింగ్ స్టేటస్ ఉంటాయి. స్టేటస్ 'ఎఫ్' అయితే నిశ్చింత. 'యూ' ఉంటే కంపెనీ స్టేట్‌మెంటుకు, కట్టిన చలానాకు పొంతన కుదరలేదని అర్థం.

జనవరి-మార్చి ఎంట్రీలే లేకపోతే, ఆ త్రైమాసికపు టీడీఎస్ స్టేట్‌మెంటు కంపెనీ ఇంకా వేయలేదేమో. దానికి గడువు మే 31. వేసిన తర్వాత 26ఏఎస్‌లోకి రావడానికి కొన్ని రోజులు పడుతుంది. జూన్ మొదట్లోనే చూసి ఉంటే మళ్లీ ఒకసారి చూడండి.

అసలు మీ దగ్గరున్న ఫారం 16నే కాస్త పరీక్షగా చూడాలి. దాని పార్ట్-ఏను (కోసి జమచేసిన పన్ను వివరాలు) కంపెనీ ట్రేసెస్ నుంచే డౌన్‌లోడ్ చేసి ఇవ్వాలి, దాని మీద సర్టిఫికెట్ నంబరు ఉంటుంది. కంపెనీ వేసిన స్టేట్‌మెంటు నుంచే అది తయారవుతుంది కాబట్టి, మామూలుగా 26ఏఎస్‌తో తేడా రాదు. మీకు జీతం, పన్ను లెక్క ఉండే పార్ట్-బి ఒక్కటే ఇచ్చారా, లేక సొంతంగా టైపు చేసిన కాగితమా? నా అనుమానం ఇక్కడే.

పేరోల్ విభాగానికి ఫోన్ చేసి ఊరుకోకుండా మెయిల్ పెట్టండి. మీ పాన్, తక్కువ పడిన త్రైమాసికం, మొత్తం రాసి రెండు విషయాలు అడగండి: చలానా కట్టారా, స్టేట్‌మెంటులో నా పాన్ సరిగ్గా వేశారా? పాన్‌లో ఒక్క అక్షరం మారితే మీ పన్ను ఇంకొకరి ఖాతాలో కనిపించొచ్చు. దీన్ని సరిచేయగలిగేది కంపెనీయే, కరెక్షన్ స్టేట్‌మెంటు వేసి. ఏఐఎస్‌లో (పోర్టల్‌లోని వార్షిక సమాచార నివేదిక) మీరు ఫీడ్‌బ్యాక్ ఇచ్చినంత మాత్రాన 26ఏఎస్ మారదు.

జులై మూడో వారానికీ కదలిక లేకపోతే గడువు దాటనీయకుండా పూర్తి రూ.84,000 క్లెయిం చేస్తూ రిటర్ను వేయండి. కోత కనిపించే జీతం స్లిప్పులు, జీతం జమైన బ్యాంకు స్టేట్‌మెంటు దాచుకోండి. రిటర్ను పరిశీలించాక పంపే 143(1) సెక్షన్ నోటీసు కింద రూ.21,000 డిమాండు రావచ్చు. జీతంలో కోసేసిన పన్నును మళ్లీ మిమ్మల్నే కట్టమనకూడదని ఆదాయపు పన్ను చట్టం (1961) 205వ సెక్షన్ చెబుతోంది. ఇలాంటి డిమాండ్లను బలవంతంగా వసూలు చేయొద్దని సీబీడీటీ (కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు) 2015 జూన్ 1నే అధికారులకు రాసింది. పోర్టల్‌లో డిమాండుతో ఏకీభవించడం లేదని ఎంచుకుని ఆధారాలు జతచేయండి. అంతేగానీ భయపడి జేబులోంచి కట్టేయొద్దు. అలాగని రీఫండ్ తొందరగా వస్తుందనీ ఆశ పెట్టుకోవద్దు.

ఎఫ్‌డీ సంగతి వేరు. 10 శాతం చొప్పున రూ.6,200 కోశారంటే మీ పేరిట జమకట్టిన వడ్డీ రూ.62,000. చేతికి రాకపోయినా దీన్ని ఇతర ఆదాయం కింద ఈ ఏడాదే చూపండి, కోత పోగా మిగిలిన రూ.55,800 కాదు. గడువు తీరాక ఒకేసారి చూపిద్దామనుకుంటే, ఆదాయం ఒక ఏడాది, టీడీఎస్ మరో ఏడాది పడి లెక్క చిక్కుపడుతుంది. మీరు 20 లేదా 30 శాతం శ్లాబులో ఉంటే బ్యాంకు కోసిన 10 శాతం చాలదు. మిగతాది మీరే లెక్కగట్టి సెల్ఫ్ అసెస్‌మెంట్ పన్నుగా కట్టి, చలానా వివరాలు రిటర్నులో నింపాకే సబ్మిట్ చేయండి.